శివారు కుళాయిలో క్లోరిన్ సున్నా: ముంపు తీసిన లంకలో ఓ కేస్ స్టడీ

గోదావరి వశిష్ఠ పాయలోని ఓ లంక (నది మధ్య దిబ్బ) గ్రామంలో వరద తీశాక శివారు పేటలో విరేచనాల కేసులు వరుసగా మొదలయ్యాయి. ట్యాంకులో రోజూ బ్లీచింగ్ వేస్తున్నారు, రిజిస్టరులో సంతకాలు కూడా ఉన్నాయి. ట్యాంకు కింది మొదటి కుళాయి దగ్గర క్లోరోస్కోపు (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగుతో చూపే పరికరం) పెడితే రంగు లీలగా కనిపించింది. శివారు పేట చివరి కుళాయి దగ్గర మాత్రం సున్నా. ఊరి పేరు, మనుషుల వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. మిగతా పాయలైన గౌతమి అయినా వైనతేయ అయినా లంకల్లో నీటి ఏర్పాట్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి లెక్కలు మాత్రం పూర్తిగా ఇస్తున్నాం. పంచాయతీ కార్యదర్శులు, ఏఎన్‌ఎంలు, పంపు ఆపరేటర్లు తమ ఊరి కొలతలు వేసుకుని వాడుకోవచ్చు.

ఊరి స్థితి

సుమారు 250 గడపలు, వెయ్యి మంది జనం. ఇసుక పొరలో దించిన బోరు, 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు. పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్లు వదులుతారు. ఒడ్డుకు ఉన్న దారి ఒక్క కాజ్‌వే, అంటే పాయకు అడ్డంగా వేసిన లోతట్టు రోడ్డు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక. అప్పటికి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. రెండోది 13.75 అడుగులకు, మూడోది 17.75 అడుగులకు. ఈ మూడు మెట్లూ ఏటిగట్టు రక్షణలో ఉన్న ఊళ్లకు పనికొచ్చినట్టు లంకలకు పనికిరావు. లోతట్టు కాజ్‌వేలు మొదటి హెచ్చరిక నాటికే నీళ్లలో ఉంటాయి. అందుకే లంకలో ఎగువనున్న భద్రాచలం లెక్క చూసుకోవాలి. అక్కడ మొదటి హెచ్చరిక మట్టమైన 43 అడుగులు దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. లంకవాళ్లకు చేతిలో ఉన్న గడువు అదే. టీవీలో ‘మొదటి ప్రమాద హెచ్చరిక’ అన్న అక్షరాలు పడేసరికి బండి మీద రావలసిన సరుకంతా పడవ మీద రావలసిన సరుకైపోతుంది.

పెద్దలకు ఇంకా 1986 ఆగస్టు వరదే కొలబద్ద. భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చిన వరద అది. వరదంటే ఆగస్టు అన్న లెక్క మాత్రం 2022లో తప్పింది. ఆ ఏడు జూలై మధ్యకే భద్రాచలంలో 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వెళ్లింది. జూలై ఆఖరుకి సరుకు తెప్పించుకుందామని రాసుకున్న ప్రణాళికలన్నీ ఆ వారంలో కాగితాలుగానే మిగిలాయి. జూన్ 15 నాటికి సరుకు లంకలో దిగి ఉండాలి.

కారణం వెతికిన తీరు

మొదట అందరి అనుమానం దాతలు పంచిన పులిహోర పొట్లాల మీదికే పోయింది. పొట్లాలు ఊరంతా తిన్నారు, జబ్బు మాత్రం ఊరంతా లేదు. ఆశా కార్యకర్త దగ్గరున్న ఇంటింటి జాబితా తీసుకుని, కేసు ఉన్న ప్రతి ఇంటినీ తెల్లకాగితం మీద గీసిన ఊరి పటంలో చుక్కగా పెట్టారు. చుక్కలన్నీ ఒకే పైపులైను చివర పడ్డాయి. ఈ పనికి ల్యాబు అక్కర్లేదు, పెన్సిలు చాలు. తిండి వల్ల వచ్చిందైతే కేసులన్నీ ఒకటి రెండు పూటల్లో ఒక్కసారిగా వచ్చి తగ్గిపోతాయి. నీటి వల్ల వస్తే ఇలా రోజూ కొన్ని చొప్పున సాగుతాయి.

పైపులైను వెంట వెళ్తే మూడు లోపాలు బయటపడ్డాయి. దేనికది విడిగా ఉంటే పెద్ద నష్టం జరిగేది కాదేమో. మూడూ కలిశాయి.

మొదటిది పొడి. బ్లీచింగ్ బస్తా కిందటేడాది విప్పింది. మూతి సుతిలితో కట్టి, మోటారు షెడ్డులో సిమెంటు గచ్చు మీద పెట్టారు. చెయ్యి పెడితే పొడిపొడిగా రాలాల్సింది గడ్డలు గడ్డలుగా వచ్చింది. తాజా పొడిలో దాదాపు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. గాలి, తేమ, వేడి తగిలితే అది రోజురోజుకీ ఎగిరిపోతుంది. బస్తా బరువులో మాత్రం తేడా రాదు, మోసమంతా అక్కడే. ఘాటు వాసన వస్తోంది కదా, పనిచేస్తుందిలే అనుకోవడం రెండో మోసం. సగం చచ్చిన పొడి కూడా ముక్కు అదరగొడుతుంది.

పొడి బలం ఊళ్లోనే తేల్చవచ్చు. బంగారం కొట్టు తక్కెడలో 10 గ్రాముల పొడి తూచి, బకెట్లో 10 లీటర్ల నీళ్లలో బాగా కలిపి, తేరనివ్వాలి. పైతేట నుంచి సిరంజితో 5 మిల్లీలీటర్లు తీసి, లీటరు మినరల్ వాటర్ సీసాలో వేసి కలిపి, వెంటనే క్లోరోస్కోపులో చూడాలి. వచ్చిన రీడింగును 20తో గుణిస్తే పొడిలో ఉన్న క్లోరిన్ శాతం వస్తుంది. తాజా పొడి అయితే రీడింగు 1.6 దగ్గర ఉండాలి. ఇక్కడ 0.8 వచ్చింది, అంటే 16 శాతం. సీసా నీళ్లే ఎందుకంటే, బోరు నీళ్లయితే వాటిలోని ఇనుమూ మట్టీ కొంత క్లోరిన్‌ను మింగేసి, మంచి పొడిని కూడా చెడ్డదిగా చూపిస్తాయి.

ఈ లెక్కతో చూస్తే ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఆపరేటరు అలవాటుగా ట్యాంకుకు పావుకిలో వేస్తున్నాడు. పొడి తాజాదై ఉంటే 40 వేల లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున సరిగ్గా సరిపోయే మోతాదు అది. 16 శాతం పొడికి అది 1 మిల్లీగ్రాముకు పడిపోయింది. వరద రోజుల్లో ఆ కాస్తా నీటిలోని మలినానికే సరిపోయింది.

రెండోది వేసిన తీరు. పొడిని నేరుగా ట్యాంకులో పోసి పావుగంటలో వాల్వు తిప్పుతున్నారు. పొడి ముద్దలు కట్టి అడుగుకు పోతుంది, సున్నం పేరుకుంటుంది, మొదట వెళ్లే నీళ్లలో క్లోరిన్ ఉండదు. క్లోరిన్ కలిసిన నీళ్లు కనీసం అరగంట నిలవాలి. పొడిని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో పేస్టు చేసి, బకెట్ నింపి, పది నిమిషాలు తేర్చి, పైతేట మాత్రమే పోయాలి. బకెట్‌కు 100 గ్రాములకు మించితే సరిగా కరగదు. ట్యాంకు సగం నిండాక పోస్తే, మిగతా సగం ఎక్కే నీటి ఊపుకి దానంతట అదే కలుస్తుంది. అడుగున మిగిలిన సున్నాన్ని గట్టు మీద పారబోయాలి, నీళ్లలో కాదు.

మూడోది గుంట కుళాయిలు. శివారు పేటకు ఒత్తిడి చాలక, ఇళ్ల ముందు రెండడుగుల గొయ్యి తవ్వి కుళాయి కిందికి దించుకున్నారు. డెల్టాలో ఇది లేని ఊరు తక్కువ. వరద తీశాక ఆ గుంటల నిండా బురదనీరు నిలిచింది. కుళాయి మూతి అందులోనే మునిగి ఉంది. నీళ్లు వదిలిన గంట సేపు పైపు బయటికి నెడుతుంది, కట్టేసిన మరుక్షణం లోపలికి పీలుస్తుంది. ఎవరో ఒకరు మోటారు తగిలిస్తే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. తర్వాతి పూట వచ్చే మొదటి రెండు బిందెలు ఆ గుంట నీళ్లే. పొద్దున్నే మొదట పట్టుకునేవాళ్ల ఇళ్లలోనే కేసులు ఎక్కువగా ఎందుకున్నాయో పటంలోని చుక్కలను చూస్తేనే అర్థమైంది.

సరిచేసిన వరుస

మోతాదును ఊహతో పెంచలేదు, బకెట్ పరీక్షతో తేల్చారు. ముందు ఒక శాతం ద్రావణం కావాలి. తాజా పొడి అయితే లీటరుకు 30 గ్రాములు, ఈ 16 శాతం పొడి అయితే 62 గ్రాములు. 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు నాలుగు తెచ్చి బోరు నీళ్లు నింపి, ద్రావణం పైతేటను వరుసగా 1, 2, 3, 4 మిల్లీలీటర్లు వేయాలి. అప్పుడు బకెట్లలో లీటరుకు 1, 2, 3, 4 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్నట్టు. కలిపి అరగంట ఆగి, ఏ బకెట్లో 0.5 మిల్లీగ్రాము మిగిలిందో చూడాలి. ఇక్కడ నాలుగో బకెట్లో గానీ మిగల్లేదు. 40 వేల లీటర్లకు 4 మిల్లీగ్రాముల చొప్పున 160 గ్రాముల క్లోరిన్ కావాలి. 16 శాతం పొడి అయితే సరిగ్గా కిలో. పావుకిలో ఎక్కడ, కిలో ఎక్కడ!

నీళ్లు మడ్డిగా ఉంటే మాత్రం మోతాదు పెంచి లాభం లేదు. మట్టి రేణువు లోపల దాక్కున్న క్రిమిని క్లోరిన్ తాకలేదు. ముందు పటికతో తేర్చాలి. వెయ్యి లీటర్లకు 10 నుంచి 40 గ్రాముల వరకు పడుతుంది, ఎంతన్నది మళ్లీ బకెట్లోనే చూసుకోవాలి. గోదారి ఎర్రనీటికి కుండ లోపల చిల్లగింజ అరగదీసే పాత అలవాటు మంచిదే, మట్టి దిగుతుంది. క్రిములు చావవు కాబట్టి ఆ తేటకు కూడా క్లోరిన్ వెయ్యాల్సిందే.

మునిగిన బోరును అలాగే నడపకూడదు. ఆరంగుళాల కేసింగులో మీటరు లోతుకు సుమారు 18 లీటర్లు ఉంటాయి. 30 మీటర్ల నీరుంటే 540 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాములు వచ్చేలా తాజా పొడి 80 నుంచి 100 గ్రాములు ద్రావణంగా చేసి దించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు వాసన పోయేదాకా నీళ్లు బయటికి తోడేయాలి. ఆ నీళ్లు ట్యాంకుకు ఎక్కకూడదు, చేపల చెరువులోకి అసలే పోకూడదు. ఆక్వా రైతుతో తగువు కంటే ముందు చేపలు చస్తాయి.

గుంటలకు దొరికిన దారి చవకైనదే. గుంట నీరు తోడి, కుళాయి మూతికి మూడడుగుల పైపు ముక్క బిగించి పైకి తెచ్చి, మూత పెట్టారు. ఒత్తిడి చాలని ఇళ్లకు ఆ పక్షం రోజులు ట్రాక్టరు ట్యాంకరు నడిపారు. వాల్వు గోతులు శుభ్రం చేశారు. నీళ్లు వదలగానే మొదటి పది నిమిషాలు పట్టుకోవద్దని గుడి మైకులో, చర్చి మైకులో రెండింట్లోనూ చెప్పించారు. ఒక్క మైకు పెడితే సగం ఊరికే వినపడుతుంది.

కిలో పడేసరికి ఊహించిన గొడవే వచ్చింది. “ఆయ్, మందు కంపు కొడతన్నాయండి, ఎలా తాగుతామండి!” అని శివారు పేట ఆడవాళ్లు పాత చేతిపంపు దగ్గరికి మళ్లారు. ఆ పంపు గచ్చు పగిలి, వరదలో మునిగింది. దాని హ్యాండిల్ తీసేయడం ఒక దారి, అదే చేశారు కూడా. బిందెకు పల్చటి గుడ్డ కట్టి అరగంట ఉంచితే వాసన చాలావరకు పోతుందని ఇంటింటికీ చూపించడం రెండో దారి. మొదటిదానికంటే ఇదే బాగా పనిచేసింది.

రీడింగు తీసే చోటు మారడం ఈ కేసులో అసలు మార్పు. అంతకుముందు ట్యాంకు కింద తీసి రాసేవారు. ఇప్పుడు రోజూ శివారులోని చివరి కుళాయి దగ్గర, నీళ్లు వదిలిన పావుగంటకు తీస్తున్నారు. మామూలు రోజుల్లో అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాము ఉండాలి, ముంపు తర్వాత 0.5. ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలతో చూసేవారు పసుపు రంగును పది సెకన్లలోపే చదవాలి. ఆలస్యమైతే మలినంతో కలిసిపోయి పనికిరాని క్లోరిన్ కూడా చేరి ఎక్కువ చూపిస్తుంది. క్లోరిన్ చూసే మరో మందైన డీపీడీ మాత్రతో గులాబీ రంగు వచ్చి ఠక్కున మాయమైతే సున్నా అని రాసేయకండి. క్లోరిన్ మరీ ఎక్కువైనా రంగు విరిగిపోతుంది. సగానికి సగం క్లోరిన్ లేని నీళ్లు కలిపి మళ్లీ చూసి, రెట్టింపు చేసుకోవాలి. ల్యాబుకు పంపే సీసాలో తెల్లటి పొడి గానీ తడి గానీ కనిపిస్తే కడిగేయకూడదు. క్లోరిన్‌ను ఆపే థయోసల్ఫేట్ అది. దాన్ని కడిగి పంపిన నమూనా దారిలోనే శుభ్రపడిపోయి ‘బాగుంది’ అని వస్తుంది.

లంకలో దిగాల్సిన సరుకు

రోజుకు రెండు ట్యాంకులకు, తాజా పొడితో 4 మిల్లీగ్రాముల చొప్పున దాదాపు కిలో. నెలకు 30 కిలోలు, బోర్లకూ బావులకూ పరిసరాలకూ కలిపి 25 కిలోల బస్తాలు రెండు. వచ్చిన రోజే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి మార్చి, విప్పిన తేదీ రాసి, చెక్కబల్ల మీద నీడలో పెట్టాలి. ఎరువు, డీజిల్, బాత్రూం యాసిడ్ ఆ గదిలో ఉండకూడదు. యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది.

20 లీటర్లకు ఒకటి చొప్పున వేసే క్లోరిన్ మాత్రలు, ఇంటికి రోజుకొకటి, పదిహేను రోజులకు 3,750. తడిసేవీ పోయేవీ కలిపి 4 వేలు. పంచేటప్పుడు ఇది మింగే మాత్ర కాదని ప్రతి ఇంట్లో నోటితో చెప్పాలి. ఓఆర్‌ఎస్ ఇంటికి రెండు చొప్పున 500 ప్యాకెట్లు ముందే ఆశాల దగ్గర ఉండాలి. ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు వేసుకోవడం కాదు. పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు, ఆరు నెలల లోపు వారికి సగం. విరేచనాలు ఆగాయని మూడో రోజుకే జింక్ మానేయడం అన్ని ఊళ్లలో చూస్తున్నదే.

పాము, పురుడు, పడవ

నీటిలో దొరికిన లోపమే మిగతా ఏర్పాట్లలోనూ ఉంది. సరుకు స్టోరులో ఉంది, చివరి ఇంటికి చేరలేదు.

పాము విషానికి విరుగుడు ఒడ్డున ఉన్న పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉంది. దాన్ని లంకలోని సబ్‌సెంటరుకు తేవాలని గ్రామస్థులు గట్టిగా అడిగారు. తేకూడదు. ఎక్కించేటప్పుడు ప్రాణాంతకమైన రియాక్షన్ రావచ్చు, డాక్టరూ అడ్రినలినూ పక్కన ఉండాలి. కావాల్సింది రాత్రిపూట కదిలే పడవ. పగలు ఇంజన్ పడవలు ఉన్నాయి, చీకటి పడితే సరంగులు ఇళ్లకు పోతారు. గుర్రపుడెక్క, తెగిపడిన నైలాన్ వలలు పంకాకు చుట్టుకుంటాయి కాబట్టి వాళ్ల భయంలో న్యాయం ఉంది. రెండు సెర్చిలైట్లు, లైఫ్ జాకెట్లు, పంకాకు చుట్టుకున్నవి కోయడానికి కొడవలి, ఇద్దరు సరంగులకు రాత్రి కూలి ముందే రాసిపెట్టి, పడవను రేవులోనే ఉంచారు. 108 బండి ఎక్కడికి రావాలో ఒడ్డున ఒకే రేవు పేరు నిర్ణయించారు. రెండు రేవులు చెబితే బండి ఒకచోట, పడవ ఇంకోచోట ఉంటాయి.

పీహెచ్‌సీలో ఒక మనిషికే మొదట 8 నుంచి 10 వయల్స్ పడతాయి. పిల్లలకూ అంతే, మోతాదు పాము విషానికి గానీ మనిషి బరువుకు కాదు. కాబట్టి 10 వయల్స్ ఉన్నాయంటే ఒక్క మనిషికి ఉన్నట్టు. ద్రవరూపం ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోయే రోజుల్లో పొడి రూపంలోది తెప్పించుకోవడం మేలు. రక్తపింజర కాటుకు గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు, గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. ట్యూబు కొత్తది, పొడిది, గాజుది కావాలి. సబ్బుతో కడిగినదాంట్లోనూ ప్లాస్టిక్‌లోనూ తప్పుడు ఫలితం వస్తుంది.

పునరావాస కేంద్రంలో, అంటే స్కూలు వరండాలో, అందరూ నేల మీద పడుకుంటారు. కట్లపాము కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, రెప్పలు వాలిపోతుంటే గ్యాస్ నొప్పి అని సోడా పట్టిస్తారు. వరద రోజుల్లో నేల మీద పడుకున్న మనిషికి రెప్పలు వాలితే, గాటు కనపడకపోయినా పాము కాటుగానే పంపించాలి. దోమతెర అంచులు చాప కిందికి మడిస్తే దోమా రాదు, కట్లపామూ రాదు.

గర్భిణుల జాబితాలో ఓ ఖాళీ తేలింది. ఏఎన్‌ఎం జాబితాలో ఊరి కోడళ్లు ఉన్నారు, పురిటికి పుట్టింటికి వచ్చిన కూతుళ్లు లేరు. వాళ్ల పేర్లు అత్తవారి ఊరి రిజిస్టరులో ఉంటాయి. నెల రోజుల్లో కాన్పు ఉన్నవారందరినీ భద్రాచలం 43 దాటిన రోజే ఒడ్డుకు చేర్చాలి కాబట్టి, జూలైలో వారానికోసారి “మీ అమ్మాయి వచ్చిందా అండీ?” అని ఇంటింటికీ అడగాల్సిందే. డయాలసిస్ వాళ్లూ ఆ పడవలోనే. బీపీ, షుగరు, టీబీ మందులు నెలకు సరిపడా ప్లాస్టిక్ కవర్లో చీటీతో సహా ఇవ్వాలి. వాడుతున్న ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, కవరు తడవకుండా ఉంచితే కరెంటు లేని రోజుల్లో గడుస్తుంది.

నీళ్లు తీశాక

ముంపు తీసిన వారం పదిరోజుల నుంచి దోమలు. కొబ్బరి చిప్పలు, బొండాలు, సన్‌షేడ్ల మీద నిలిచిన నీళ్లు పారబోయడమే పెద్ద పని. పారబోయలేని మురుగు గుంటలకు దోమ లార్వాను చంపే టెమిఫాస్ 50 శాతం మందు 10 లీటర్లకు 2.5 మిల్లీలీటర్లు కలిపి కొట్టాలి. ఫాగింగ్ ఫొటోలకు బాగుంటుంది, లార్వాను తాకదు.

ఎలుక జ్వరాన్ని (లెప్టోస్పైరోసిస్) మాత్రం చాలామంది వదిలేస్తున్నారు. బురదలో దిగి ఊడ్పులు సరిచేసుకునేవాళ్లకు ఒకటి రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో పోట్లు, కళ్లు ఎర్రబడటం ఉంటే డెంగ్యూ పరీక్షతో ఆగకూడదు. కాళ్లకు పుళ్లున్నవాళ్లు పొలంలో దిగక తప్పకపోతే, వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇవ్వాలా అన్నది మెడికల్ ఆఫీసరు తేలుస్తారు. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇది ఇవ్వరు.

పెంచిన క్లోరిన్ మోతాదును శివారు పేటలో కొత్త కేసులు ఆగగానే దించలేదు. ముందు గుంట కుళాయిలన్నీ పైకెత్తారు. ఆ తర్వాత చివరి కుళాయి నమూనాలు వరుసగా బాగున్నాయని వచ్చాకే బకెట్ పరీక్ష మళ్లీ చేసి, లీటరుకు 3 మిల్లీగ్రాములకు, తర్వాత 2కి తగ్గించారు. పాత బస్తాలో మిగిలిన పొడిని పారేయకుండా కాలువ గట్లకూ మరుగుదొడ్లకూ వాడి, ట్యాంకుకు కొత్త డ్రమ్ము తెరిచారు. డ్రమ్ము మూత మీద తేదీ, పక్కనే పెన్సిలుతో శాతం: 33.